26 మందిమి, మూడు రాత్రులు, సాగర్ నుంచి అలంపురం దాకా: హోటళ్లలో భోజనాలు ఎట్లా కుదుర్చుకోవాలి?

కాలువగట్టు, మిర్యాలగూడ:

నమస్తే. మా వీధిలోని ఆరు కుటుంబాలం కలిసి దసరా సెలవుల్లో బయలుదేరుతున్నాం. మొత్తం 26 మంది. అందులో అరవై దాటినవాళ్లు అయిదుగురు, పదేళ్లలోపు పిల్లలు ఆరుగురు. మినీ బస్సు మాట్లాడుకున్నాం. మొదటిరోజు నాగార్జునసాగర్, లాంచీలో నాగార్జునకొండ, రాత్రి సాగర్‌లోనే బస. రెండోరోజు మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. మూడోరోజు జూరాల, గద్వాల, అలంపురం. నాలుగోరోజు తిరుగు ప్రయాణం.

బసలు కుదిరాయి, తిండి సంగతే తేలడం లేదు. వంటమనిషిని, పొయ్యిని వెంట తీసుకుపోదామని కొందరు అంటున్నారు. ఏ ఊరికి పోతే ఆ ఊరి హోటల్లో ఆ ఊరి తిండే తినాలని మిగతావాళ్ల కోరిక. మాలో ఏడుగురు శాకాహారులు. వాళ్లలో ఇద్దరు మాంసం వండే వంటింట్లో చేసింది ముట్టరు. ఇద్దరికి షుగరు. ఒక పిల్లాడికి పల్లీలు పడవు, తిన్న అయిదు నిమిషాలకే దద్దుర్లు లేస్తాయి.

ఇంతమందితో నేరుగా పోయి కూర్చోవచ్చా, ముందే చెప్పాలా? చెప్తే ఏమని చెప్పాలి, ఎంత చెప్పాలి? జొన్న రొట్టె, నాటుకోడి, జూరాల చేప మాత్రం తప్పకుండా తినాలని అందరి మాట. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

పెద్ద గంజు, నల్లగొండ:

వంటమనిషి ఆలోచన వదిలేయండి. మనుషులున్న బండిలో గ్యాస్ సిలిండరు పెట్టుకుని ఇన్ని జిల్లాలు తిరగడం ప్రమాదం. పైగా గంజులు, బియ్యం, కూరగాయలకే బస్సులో సగం జాగా పోతుంది.

ముందే చెప్పాలి. ఎందుకో తెలియాలంటే చిన్న ఊళ్లలో మెస్ ఎట్లా నడుస్తుందో చూడాలి. ఒక వంట మాస్టరు, ఆయనకు ఒక సహాయకుడు, వడ్డించడానికి ఇద్దరు ముగ్గురు, ముప్పై కుర్చీలు. పదకొండున్నరకల్లా కూరలు దించేస్తారు. రోజూ వచ్చే గిరాకీకి సరిపడా వండుతారు. మిగిలితే పారబోయాలి కనుక ఎక్కువ వండరు. అట్లాంటి చోట ఒంటిగంటన్నరకు 26 మంది దిగారంటే అన్నం మళ్లీ ఎసరు పెట్టాలి. ఉడికి, వార్చి, వడ్డించేసరికి నలభై నిమిషాలు. ఆ తొందరలో అన్నం పలుకు మిగులుతుంది, పప్పుచారులో నీళ్లు పడతాయి, కూర రెండు ముక్కలకు తగ్గుతుంది. ఊరి పేరు చెప్పి బాగాలేదని తిట్టుకుంటాం గానీ తప్పు మన రాకదే.

రెండో పొరపాటు, మెనూ కార్డు చేతికి తీసుకోవడం. ఒకరు ఫ్రైడ్ రైసు, ఒకరు నూడుల్స్, ఇంకొకరు రోటీ, మరొకరు బిర్యానీ అంటే పద్నాలుగు రకాలవుతాయి. కడాయి ఒక్కటే, అందులో ఒకసారికి రెండు మూడు ప్లేట్లే అవుతాయి. మొదట తిన్నవాళ్లు చేతులు కడుక్కుని గంటైనా చివరివాళ్ల ప్లేటు రాదు. పిల్లలు ఆకలికి చిప్స్ ప్యాకెట్లు చింపుతారు, తర్వాత అన్నం వచ్చినా తినరు. గుంపుకు తక్కువ రకాలు, ఎక్కువ పాళ్లు. అందరికీ ఒకేసారి వడ్డించగలిగినవే చెప్పాలి.

మధ్యాహ్న భోజనానికి ముందురోజు సాయంత్రం నాలుగు, అయిదు మధ్య ఫోన్ చేయండి. అప్పుడు గిరాకీ ఉండదు, యజమాని గల్లా దగ్గర తీరికగా ఉంటాడు. ఒంటిగంటకు చేస్తే "రండి సార్, అన్నీ ఉంటాయి" అంటాడు, మరిచిపోతాడు. రాత్రికి నాటుకోడి కావాలంటే ఆ రోజు పొద్దున తొమ్మిదిలోపు చెప్పాలి. కోడిని తేవాలి, కాల్చి పసుపు రాసి కోయించాలి, మంట మీద ఉడకడానికే గంట నుంచి గంటన్నర. కుక్కరు లేకుండా అరగంటలో తెచ్చి పెట్టారంటే అది పొద్దున వండిందన్నా అయి ఉండాలి, క్రాసు కోడన్నా అయి ఉండాలి.

"26 మందికి భోజనం" అని చెప్పి ఊరుకోవద్దు. ఫోన్‌లో మాట్లాడిన తర్వాత వాట్సాప్‌లో ఇట్లా పంపండి: "రేపు రాత్రి 7:30కు వస్తాం. 26 మంది, అందులో పిల్లలు ఆరుగురు. జొన్న రొట్టెలు 40. నాటుకోడి కూర, కోసి శుభ్రం చేసిన తూకం మూడున్నర కిలోలు, కారం మధ్యస్థం. పప్పు, ఒక కూరగాయ కూర, పచ్చిపులుసు, తెల్లన్నం, పెరుగు. పప్పు, కూరగాయ ముందు వండి పక్కన పెట్టాలి. కారం లేని పప్పు ఒక గిన్నె పిల్లలకు." బదులుగా ఆయన మొత్తం ధర రాయాలి. నాలుగోవంతు అడ్వాన్సు పంపండి. అడ్వాన్సు లేని మాటకు సరుకు తెచ్చేవాళ్లు తక్కువ.

పాళ్లు ఎట్లా లెక్కకట్టాలంటే, పదేళ్లలోపు పిల్లల్ని సగంగా పట్టండి. మీది 23 మంది లెక్క. బొక్కతో కలిపి కోడి గానీ మటన్ గానీ కిలో పచ్చి మాంసం అయిదారుగురికి వస్తుంది. మాంసం తినేవాళ్లు 19 మంది కనుక మూడున్నర కిలోలు చాలు. ఇక్కడే గొడవలు వచ్చేది. కొన్నిచోట్ల నాటుకోడి ధర ప్రాణంతో ఉన్న తూకానికి చెప్తారు. బొచ్చు, పేగులు పోగా మూడింట రెండు వంతులకు కాస్త అటూఇటూగా మిగులుతుంది. మూడున్నర కిలోల మాంసానికి అయిదు, అయిదున్నర కిలోల కోళ్లు కావాలి. ధర ఏ తూకానికో అడగకుండా ఒప్పుకోవద్దు.

రొట్టె ఉంటుంది కాబట్టి బియ్యం మనిషికి వంద గ్రాములు, రెండున్నర కిలోలు. రొట్టె లేని పూట మూడు కిలోలకు పైనే. బగారన్నం అయితే కిలో బియ్యం ఎనిమిది మందికి. కందిపప్పు కిలో, కూరగాయలు రెండున్నర కిలోలు, పెరుగు మూడు లీటర్లు.

జొన్న రొట్టె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గోధుమలోని జిగురు జొన్నలో లేదు. మరిగే నీళ్లు పోసి పిసికితేనే పిండి పట్టుకుంటుంది, అది కూడా వేడి మీదనే తట్టాలి. ఎక్కువసేపు కలిపి ఉంచిన పిండితో చేస్తే అంచులు పగులుతాయి. ఒక మనిషి ఒక పెనం మీద గంటకు ఇరవై, ఇరవై అయిదు చేయగలదు. కిలో పిండికి పన్నెండు, పదమూడు వస్తాయి. మీ నలభైకి మూడున్నర కిలోల పిండి, రెండు పెనాలు, గంట సమయం కావాలి. రెండు పెనాలు ఉన్నాయా అని అడగండి. ఒక్కటే ఉంటే మనిషికి ఒక రొట్టెకు ఒప్పుకుని మిగతాది అన్నంతో సరిపెట్టుకోండి. ముందే చేసి పేర్చిన రొట్టె చల్లారితే అట్ట ముక్కే.

హైవే చౌరస్తా, షాద్‌నగర్:

ఇంత తతంగం అవసరమా? 44వ నంబరు హైవే మీద రెండు వందల మంది కూర్చునే ఫ్యామిలీ రెస్టారెంట్లు ఉన్నాయి. పార్కింగ్ ఉంటుంది, శుభ్రమైన బాత్రూంలు ఉంటాయి, ఏది అడిగినా ఇరవై నిమిషాల్లో వస్తుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు అదే మేలు.

పెద్ద గంజు, నల్లగొండ:

బాత్రూంల మాట నిజం, ముసలివాళ్లతో పోతున్నప్పుడు అది చిన్న విషయం కాదు. జడ్చర్ల దగ్గర ఒక పూటకు మీ పద్ధతి సరే. కానీ వాళ్ల దారిలో హైవే తగిలేది కొంతే. సాగర్‌లో, జూరాల దగ్గర, అలంపురం ఊళ్లో అట్లాంటివి ఉంటాయనుకుని పోతే ఇబ్బంది పడతారు. ఇంకొకటి, హైవే మీద ఎక్కడ తినాలో మీరు చెప్పకపోతే డ్రైవర్ చెప్తాడు. గుంపును తెచ్చిన డ్రైవర్‌కు ఊరికే భోజనం పెట్టే ఆనవాయితీ చాలా దాబాల్లో ఉంది. అందులో తప్పు లేదు గానీ ఆగే చోటు మాత్రం బండి కదలకముందే మీరు చెప్పాలి. డ్రైవర్ ఎక్కడ తిన్నా ఆయన భోజనం మీ లెక్కలో వేసుకోండి.

పాలమూరు పొద్దు, మహబూబ్‌నగర్:

దారి లెక్కన చెప్త, రాసుకోండ్రి.

సాగర్ల ముందు తేల్చుకోవాల్సింది లాంచీ టైము. నాగార్జునకొండకు పోనీకి ముప్పావు గంట నుంచి గంట, రానీకి అంతే, మ్యూజియం చూడనీకి ఇంకో గంట. మొత్తం మూడు గంటల పైనే. శుక్రారం మ్యూజియం బంద్. దీవి మీద అన్నం దొరుకుతదని నమ్ముకోకుండ్రి. పదకొండున్నరకు తిని లాంచీ ఎక్కితే మంచిది. లేకుంటే పొద్దుగాల మొదటి లాంచీకి పోయి దిగినంక తినాలె. పన్నెండింటికి ఎక్కిన గుంపు మూడున్నరకు ఆకలితోని దిగుతది, అప్పటికి మెస్సులల్ల చారు తప్ప ఏం మిగలదు. ఇంకో మాట, విజయపురి సౌత్ కృష్ణకు అవతల, ఆంధ్ర దిక్కు ఉంటది. ఫోన్ నంబరు దొరికింది కదా అని అక్కడి హోటల్‌కు చెప్తే డ్యామ్ అవతలికి పోయి తిని రావాలె. మీ బస హిల్ కాలనీ, విజయ్ విహార్ దిక్కు అయితే ఈ పక్కనే చూసుకోండ్రి. దసరా నాటికి గేట్లు ఎత్తి ఉంటే జనం మస్తు ఉంటరు, బండి కదలదు. ఆ రోజు రాత్రి భోజనం బస చేసిన కాడనే చెప్పుకోవాలె.

రెండోరోజు సాగర్‌ల తొమ్మిదింటికి ఎల్లితే పన్నెండు, పన్నెండున్నరకు కల్వకుర్తి వస్తది. అక్కడ తినుండ్రి. జడ్చర్ల దాకా పోదామంటే ఇంకో గంట, ముసలోళ్లకు ఆలస్యమైతది. జొన్న రొట్టె, నాటుకోడి ఆ రాత్రి పాలమూరుల పెట్టుకోండ్రి. పొద్దుగాల సాగర్ నుంచే ఫోన్ చేస్తే సరిపోతది.

మూడోరోజు దేవరకద్ర, ఆత్మకూరు మీదుగా జూరాల. చేపలంటే అందరికీ గుర్తొచ్చే జాగ అదే, ప్రాజెక్టు కాడ వేపి అమ్మేటోళ్లు ఉంటరు. చేప ఎట్ల చూడాలె అంటే, మొప్ప లేపితే ఎర్రగ ఉండాలె, కన్ను ఉబ్బి నిగనిగలాడాలె, వేలుతోని నొక్కితే గుంట నిలవొద్దు. కోసి మసాల పూసినంక ఇవేం కనవడయి. అందుకని నిండు చేపను చూపిచ్చమని, తూకం వేయిచ్చి, మన ముందల్నే కోయిచ్చుకోవాలె. కిలో చేపకు తల, పొలుసు, పేగులు పోను ఆరేడు వందల గ్రాముల ముక్కలు వస్తయి. మనిషికి రెండు ముక్కలన్నా 19 మందికి అయిదు కిలోల చేపలు పట్టాలె. రవ్వ, బొచ్చెలల్ల సన్న ముండ్లు మస్తు ఉంటయి, పిల్లలకు పెట్టొద్దు. కొర్రమీను దొరికితే పిల్లలకు అది తీసుకోండ్రి, నడిమి ముల్లు తీస్తే అయిపాయె. ధర ఎక్కువుంటది, అయినా గొంతుల ముల్లు ఇరికితే ఆ పూటంత ఆగమైతది.

నూనె చూసి కొనుండ్రి. పొద్దటి నుంచి కాగిన నూనె నల్లగయితది, పైన నురగ కడ్తది, చేప వేయకముందే పొగ లేస్తది. మూకుట్ల నూనె అట్ల ఉంటే పక్క దుకాణానికి పోవాలె. ముక్క మరీ ఎర్రగ మెరిస్తే అది కారం ఎరుపు గాదు, రంగు. రంగు కలపకుండ ఉప్పు, కారం, పసుపు, అల్లం ఎల్లిపాయ పూసి వేపమంటే వేపుతరు. అయితే కోయనీకి ముందల్నే చెప్పాలె, పూసి పెట్టిన ముక్కలకు ఏం జేయలేరు. ముక్క వేడివేడిగ ఆడనే తినాలె. పార్సిల్ కట్టిస్తే మెత్తబడ్తది.

గద్వాలల ఉగ్గాని, బజ్జి తినకుండ పోవద్దు. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపుల ఏసి, పుట్నాల పొడి చల్లుతరు, పక్కన మిరపకాయ బజ్జి. గద్వాల, అలంపురం దిక్కు రాయలసీమ రుచి కలుస్తది. పొద్దున, సాయంత్రం పూట దొరుకుతది. బొరుగులు పది నిమిషాలల్ల ముద్దయితయి కాబట్టి పార్సిల్‌కు పనికిరాదు.

అలంపురం ఊర్ల రాత్రిపూట హోటళ్లు తక్కువ. అక్కడ హరిత హోటల్ ఉన్నది, దాంట్ల దిగితే సాయంత్రమే భోజనం చెప్పాలె. లేకుంటే హైవే మీద అలంపురం చౌరస్తా కాడ తినిపోవాలె. గుడి చూసినంక మల్ల చౌరస్తా దాకా రావాలంటే పెద్దమనుషులకు కష్టం.

దసరా పండుగ రోజు, తెల్లారి చిన్న మెస్సులు చానా మూసే ఉంటయి. వంటోళ్లు ఊర్లకు పోతరు. మీ మూడు రోజులల్ల పండుగ దినం పడ్తే ఆ రోజుకు పర్యాటక శాఖ హోటల్‌నో పెద్ద హోటల్‌నో పట్టుకోవాలె. అక్టోబర్ 2 పడితే మాంసం దుకాణాలు బంద్ ఉంటయి. 2025ల దసరా, గాంధీ జయంతి ఒక్కనాడే పడ్డయి, గట్లాంటి సంవత్సరం నాటుకోడి ముచ్చట ఆ రోజుకు పెట్టుకోవద్దు.

మీరు వచ్చేది సీతాఫలాల కాలం. మా జిల్లా బాలానగర్ రకం పేరున్నది. కళ్లు విచ్చుకుని తొడిమ కాడ మెత్తగున్నవి ఆ రోజుకు, గట్టివి రెండు రోజుల తర్వాతకు. షుగరున్నోళ్లు ఒక పండులో సగంతోని ఆపాలె.

కాలువగట్టు, మిర్యాలగూడ:

చాలా సంతోషం, ఇవన్నీ రాసుకున్నాం. ఇంకా రెండు చిక్కులు. మాంసం వండే వంటింట్లో తినని ఆ ఇద్దరు పెద్దవాళ్లను విడిగా కూర్చోబెడితే నొచ్చుకుంటారు. పల్లీల పిల్లాడి సంగతి హోటల్‌లో ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. "పల్లీలు వేయొద్దు" అంటే చాలా?

పప్పుచారు, వనపర్తి:

చాలదు. మన దగ్గర పల్లీ దొరకని వంటకమే తక్కువ. ఇడ్లీ, దోసె చట్నీ పల్లీదే. పులిహోరలో, టమాట చట్నీలో, గుత్తి వంకాయ మసాలాలో, బగార బైంగన్‌లో ఉంటుంది. కూర చిక్కబడాలని పల్లీ, నువ్వులు, కొబ్బరి నూరి పోస్తారు, పైకి కనపడదు. కొందరు పచ్చిపులుసులో కూడా పొడి చల్లుతారు. పాలమూరు వైపు పల్లి నూనెతో వండేవాళ్లు ఉన్నారు. వెయిటర్‌ను అడిగితే "లేదండీ" అంటాడు, ఆయనకు మసాలా ఎవరు నూరారో తెలియదు. మాస్టర్‌ను పిలిపించి మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి: ఏ నూనె, గ్రేవీలో ఏం నూరారు, చట్నీలో ఏముంది.

పిల్లాడికి భద్రమైనవి తెల్లన్నం, వాళ్లమ్మ చూస్తుండగా విడిగా చేయించిన పప్పు, పెరుగు, ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు. ఇడ్లీలోకి ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి, నెయ్యి. బజ్జీల నూనెలో ఏమేం వేగాయో తెలియదు కనుక బజ్జీలు వద్దు. తిన్న అయిదు నిమిషాలకే దద్దుర్లు లేచే పిల్లాడంటే డాక్టర్ రాసిన మందు లేకుండా బండి ఎక్కించవద్దు. ఆ మందు డిక్కీ సంచిలో కాకుండా వాళ్లమ్మ చేతి సంచిలో ఉండాలి. పెదాలు వాచినా, గొంతు పట్టినట్టున్నా, ఊపిరి ఎగబీల్చినా 108కి ఫోన్ చేయాలి, మందు వేశాం కదా అని ఆగొద్దు.

ఇక పెద్దవాళ్ల సంగతి. రెండు వంటిళ్లు ఉన్న హోటల్ చిన్న ఊళ్లో దొరకదు. గరిటె ఒకటే, నూనె ఒకటే, అది వాళ్లకు సహించదు. కనుక మొత్తం గుంపే పగటిపూట శాకాహార హోటల్లో తినండి. రోజుకు రెండు పూటలు, అంటే టిఫిన్, మధ్యాహ్నం, అందరూ కలిసే తింటారు. ఎవరూ విడిగా కూర్చోనక్కర లేదు. సాగర్‌లో, అలంపురంలో రాత్రి కూడా శాకాహారమే పెట్టుకుంటే మాంసానికి మిగిలేది మహబూబ్‌నగర్ రాత్రి, జూరాల చేప, ఈ రెండే. ఆ రాత్రి ఆ ఇద్దరికి బసకు ఇడ్లీయో చపాతీయో శాకాహార హోటల్ నుంచి తెప్పించండి. గుంపును వదిలి ఇద్దరే గదిలో తినడం బాగుండదు కాబట్టి మిగతా అయిదుగురు శాకాహారుల్లో ఎవరో ఒకరిద్దరు వాళ్లతోనే తింటే మంచిది. జూరాల పూటకు పొద్దున మహబూబ్‌నగర్‌లో పులిహోర, పెరుగన్నం కట్టించుకోండి.

టిఫిన్‌కు కూడా ఒక లెక్క ఉంది. ఇడ్లీ పాత్ర ఒక వాయికి నలభై దాకా ఇస్తుంది, పది పన్నెండు నిమిషాలు. దోసె పెనం మీద చిన్న సెంటర్లో నాలుగే పడతాయి, వాయికి నాలుగు నిమిషాలు. 26 దోసెలంటే అరగంట. అందరికీ ముందు ఇడ్లీ, వడ, ఉప్మా వడ్డించమని, దోసె కావాలన్నవాళ్లు తర్వాత తీసుకోవాలని చెప్పండి. ఏడున్నరకే పోవాలి. తొమ్మిది తర్వాత ఊరి గిరాకీ ఉంటుంది, పదిన్నరకు పిండి అయిపోతుంది.

షుగరున్న ఇద్దరికి భోజనం ఆలస్యం కావద్దు. మాత్ర వేసుకుని గంటసేపు కూర ఎప్పుడొస్తుందా అని చూడటం ప్రమాదం. ప్లేటు ముందుకు వచ్చాకే మాత్ర వేసుకునేలా డాక్టర్‌ను అడిగి ఉండండి, వేయించిన శనగలు జేబులో ఉంచండి.

రసీదు, సూర్యాపేట:

డబ్బుల సంగతి ఎవరూ రాయలేదు. ఇంతమందిలో ఎక్కువ మనస్పర్థలు వచ్చేది అక్కడే.

బిల్లు కట్టేది ఒక్కరే ఉండాలి. అందరూ జేబులో చేయి పెడితే ఒకరోజు ఒకరు, ఇంకోరోజు ఇంకొకరు కట్టి చివరికి లెక్క తేలదు. ముందే చందా పోగుచేసి ఆ ఒక్కరికి ఇవ్వండి. పెద్దవాళ్లకు ఒక వంతు, పిల్లలకు అర వంతు. మీకు 23 వంతులు. ఒక పూట బిల్లు 6,900 వస్తే వంతుకు 300. మాంసం పూట మాత్రం కోడి, చేపల ధర విడిగా తీసి తిన్నవాళ్ల మీదే వేయండి. శాకాహారులు నోరు తెరిచి అడగరు గానీ మనసులో ఉంటుంది.

బిల్లులో జీఎస్టీ 5 శాతం ఉండవచ్చు. మామూలు హోటల్‌లో ఏసీ ఉన్నా లేకున్నా అంతే. వేస్తే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, తెలంగాణలో అది 36తో మొదలవుతుంది. చాలా చిన్న హోటళ్లు కాంపొజిషన్ పద్ధతిలో ఉంటాయి. అవి గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లు మీద రాసి ఉంటుంది. అట్లా రాసి ఉండి కూడా 5 శాతం కలిపితే తీసేయమని మర్యాదగా అడగండి. సర్వీస్ చార్జి పేరుతో దానంతటదే కలిపితే కట్టనక్కర లేదు, 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెప్తున్నాయి. వినకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. మనసుకు నచ్చి వడ్డించినవాళ్లకు ఇచ్చేది వేరే సంగతి, గుంపుకు వడ్డించడం కష్టమైన పని, తప్పకుండా ఇవ్వండి. గల్లాలో వేయకుండా వాళ్ల చేతికే ఇవ్వండి.

గుంపు బిల్లులో ఎక్కువ తప్పులు దొర్లేది నీళ్ల సీసాలు, పెరుగు కప్పులు, అదనపు రొట్టెల దగ్గర. ఎవరికి తోచినట్టు వాళ్లు అడుగుతుంటారు, వెయిటర్ అందాజుగా రాస్తాడు. అదనంగా ఏది కావాలన్నా డబ్బు కట్టే మనిషి ద్వారానే అడగాలని నియమం పెట్టుకోండి. సీసాలు బల్ల కింద ఒకచోట పెట్టిస్తే లెక్క సులువు. నగదు కొంత దగ్గర ఉంచుకోండి, ప్రాజెక్టుల దగ్గర సిగ్నల్ లేకపోతే యూపీఐ పని చేయదు.

మందుల పెట్టె, దేవరకొండ:

నల్లగొండ జిల్లా నీళ్లంటే ఫ్లోరైడ్ అని భయపడేవాళ్లకు ఒక మాట. ఫ్లోరైడ్ హాని ఏళ్ల తరబడి తాగితే వచ్చేది, పళ్లకు, ఎముకలకు. రెండు రోజుల ప్రయాణంలో మీకు దాని భయం లేదు. కాచితే పోతుందని కొందరు అంటారు, పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మీరు చూసుకోవాల్సింది క్రిములను. బల్ల మీది జగ్గు నీళ్లు తాగకుండా సీలు ఉన్న 20 లీటర్ల టిన్నులు రెండు బస్సులో పెట్టుకోండి, ఖాళీ కాగానే మార్చుకోండి. మనిషికి రోజుకు మూడు లీటర్లంటే 78 లీటర్లు, రోజుకు నాలుగు టిన్నులు కావాలి, రెండు టిన్నులు సగం రోజుకే వస్తాయి. హోటల్లో ఐసు వేసిన మజ్జిగ, చెరకు రసం వద్దు.

కడుపు చెడగొట్టేది ఎక్కువగా మాంసం అనుకుంటారు గానీ అన్నం కూడా అంతే. ఉడికినా చావని క్రిమి బీజాలు కొన్ని అన్నంలో ఉంటాయి. గది వేడిలో గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మధ్యాహ్నం మిగిలిన బిర్యానీ పార్సిల్ కట్టించి రాత్రి తినడం అందుకే చెడ్డ అలవాటు. ఎండలో నిలిపిన బస్సులో అయితే గంట కూడా నమ్మకం లేదు. మిగిలితే అక్కడే ఎవరికైనా వేడిగా ఉండగా ఇచ్చేయండి. పొగలు కక్కే కూర, అప్పుడే వార్చిన అన్నం, కళ్ల ముందు కాల్చిన రొట్టె భద్రం. కోసి ఉంచిన ఉల్లిగడ్డ, కీరదోస ముక్కలు, గంటల కింద రుబ్బిన చట్నీ వదిలేయండి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు పది తీసుకుపోండి. ఒక ప్యాకెట్ లీటరు నీళ్లకు, మొత్తం ఒకేసారి కలపాలి. సగం నీళ్లలో కలిపితే మేలు కంటే కీడు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. మలంలో రక్తం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం ఉంటే ఆసుపత్రికే.

కాలువగట్టు, మిర్యాలగూడ:

అందరికీ దండాలు. ఒక్కటే మిగిలింది. నాలుగోరోజు అలంపురం నుంచి పొద్దున్నే బయలుదేరి ఇంటికి రావాలి, రోజంతా బస్సులోనే. దారిలో హోటల్‌కు ఆగితే రాత్రవుతుంది. ఆ రోజుకు సద్ది ఏం కట్టించుకోవాలి?

పాలమూరు పొద్దు, మహబూబ్‌నగర్:

ముందురోజు రాత్రే హోటలోళ్లకు పులిహోర చెప్పాలె, పొద్దుగాల ఆరింటికి తయారుండాలె. చింతపండు పులుపు, నూనె సరిపోను ఉంటే మధ్యాహ్నం దాకా ఆగుతది. నిమ్మకాయ పులిహోర అంత ఆగదు. కట్టేముందు అన్నం పళ్లెంల ఆరబోసి పూర్తిగ చల్లార్చమనాలె. వేడిమీద మూతపెడ్తే చెమట పట్టి పాచిపోతది. పల్లీలు, పల్లి నూనె వేయకుండ సెనగపప్పు, మినప్పప్పు పోపు చాలు, పిల్లగానికి కూడ అదే పెట్టొచ్చు. 26 మందికి మూడు కిలోల బియ్యం.

పెరుగన్నం కావాలంటే పెరుగు తక్కువ, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ ఏసి కలపమను. దారిల పాలు తోడుకుంటయి, తినేటాళ్లకు పులవదు. పదకొండు లోపల తినేయాలె.

ఇంటికాడ సద్దుల బతుకమ్మకు చేసే మలీద ఉంటది కదా, బయలెల్లే ముందురోజు చేసి డబ్బల పోసుకుపోండ్రి. సజ్జ రొట్టె బాగ కాల్చి, చల్లారినంక నలిపి, బెల్లం, నెయ్యి, యాలకులు. తడి చేయి పెట్టకుంటే నాలుగు రోజులు ఏం గాదు. పిల్లగాడు తింటడు కాబట్టి దాంట్ల పల్లి పొడి ఏయొద్దు. షుగరున్నోళ్లకు మాత్రం ఉత్త సజ్జ రొట్టెలు, ఎల్లిపాయ కారం వేరే కట్టుకోవాలె.